పండబెట్టిన బండలు

"టార్గెట్ హైదరాబాద్. పేలుడు పదార్థం బయలుదేరేది తాండూరు నుంచి, ఒక బండల లారీలో. టైం రేపు మధ్యాహ్నం పన్నెండు." చీఫ్ విశ్వేశ్వర్ ఫైలు మూసేశాడు. "ప్రశ్నలున్నాయా?"

"సమాచారం ఎవరిచ్చారు సర్?"

"సింధుజ."

ఏజెంట్ నీలిమకు ఆ పేరు రుచించలేదు. సింధుజ విదేశీ ముఠాలో ఉంటూ రెండేళ్లుగా ఇంటెలిజెన్స్ విభాగానికి రహస్యాలు అందిస్తోంది. బయటి ప్రపంచానికి మాత్రం ఆమె, ప్రమాదాల్లో ఎలా తప్పించుకోవాలో మాక్ డ్రిల్స్ పెట్టి నేర్పే కన్సల్టెంట్. నల్ల కళ్లద్దాలు, ఎర్ర చీర, సినిమా నవ్వు. ఆమె ఏం చెప్పినా చీఫ్ తల ఊపుతాడు. నీలిమ ఏం చెప్పినా వాచీ చూసుకుంటాడు.

"రేపు నేను వికారాబాద్‌లో సింధుజ డ్రిల్‌కు వెళ్తున్నాను. ఊరికే ఫోన్ చెయ్యకు," అన్నాడు.

మర్నాడు పొద్దున నీలిమ తాండూరులో నేలకు పరిచే బండల పాలిషింగ్ యూనిట్లో కూలిమనిషి వేషంలో ఉంది. చేతిలో టిఫిన్ డబ్బా. నిజానికి అది ఢిల్లీ నుంచి వచ్చిన డిటెక్టర్. పేలుడు పదార్థం దగ్గరికొస్తే మూత కింద ఎర్ర లైటు వెలుగుతుంది. రైలు దిగినప్పటి నుంచీ వెలుగుతూనే ఉంది. క్వారీల్లో మందు పేల్చే ఊరు. ప్రతి మనిషి బట్టల్లోనూ ఆ వాసనే. టీ ఇచ్చినవాడి దగ్గర వెలిగింది, పూలమ్మే ముసలామె దగ్గర వెలిగింది. కోటి రూపాయల మెషిన్‌ను విసిరి కొట్టాలనిపించింది.

తొమ్మిదింటికి గేటు ముందు కారు ఆగింది. అద్దం దిగింది.

"కొడంగల్ బస్సు ఎన్నింటికి?" సింధుజ అడిగింది. అది కోడ్.

"బస్సు లేదు. ఆటోలో పోవాలి."

"పన్నెండు దాకా ఇక్కడి నుంచి కదలకు." అద్దం పైకి లేచింది. కారు వికారాబాద్ వైపు తిరిగింది.

"పొద్దటి సంది ఆ డబ్బనే జూస్తున్నవ్. అండ్ల బంగారం గిట్ల పెట్టుకొచ్చినవా?" పక్కన బండల అంచులు కొడుతున్న బుగ్గమ్మ సుత్తి ఆపింది. ముప్పై ఏళ్లుగా ఆమెకు ఇదే పని.

"ఏం లేదవ్వా. పప్పు."

"పప్పుకు గంత కాపలానా." బుగ్గమ్మ నవ్వింది. "నువ్వు పనికి కొత్త. గా పక్క యార్డోళ్లు నీకన్న కొత్త. తెల్లారంగ లారీ నింపిన్రు, బండలన్నీ పండబెట్టిన్రు. బండను అంచు మీద నిలవెట్టాలెనని ఈడ చిన్నపిల్లలకు గూడ ఎరుకే. పండబెడితే గుంతల్ల బండి ఎగిరినప్పుడల్ల ఒకటి పగుల్తది. చెప్తే నన్ను కసిరిన్రు."

బండల పని రానివాళ్లకు బండల లారీ ఎందుకు? నీలిమ లేచింది. "ఆ లారీ ఎటు పోయింది?"

"వికారాబాద్ దిక్కే. ఎనిమిది గొట్టంగ పోయింది."

చీఫ్‌కు ఫోన్ చేసింది. స్విచాఫ్. మళ్లీ చేసింది. స్విచాఫ్. అంతలో ఆ ఫోనే మోగింది. వికారాబాద్‌లో ఉండే అత్తగారు అనసూయమ్మ.

"నీలిమా, హంసిని తెల్ల గౌను మీద ఎర్ర రంగు పోసిన్రు. ఉతికితే పోతదా?"

"అత్తమ్మా, నేను డ్యూటీల ఉన్న. ఎవరు పోసిన్రు?"

"బడోళ్లే, నెత్తురు లెక్క కనిపియ్యాలెనట. అందర్నీ బడి పక్క మైదానంల డ్రిల్లుకు తోల్కవోయిన్రు, నూట ఇరవై మందిని. ఇల్లు కూలినట్టు బండలు పేర్చి పిల్లల్ని నడుమ పండబెడతరట. గా ఎర్రచీర మేడమ్ తాండూరు నుంచి లారీ తెప్పించింది."

హంసిని ఆ పిల్లల్లోనే ఉంది. ఏడేళ్ల కూతురు. డ్రిల్ కోసం చుట్టుపక్కల ఉన్న ఫైరింజన్లు, అంబులెన్సులు, డాక్టర్లు అందరూ అదే మైదానంలో. అక్కడ పేలితే పిల్లలను కాపాడేవాళ్లు కూడా మిగలరు. హైదరాబాద్ అబద్ధం.

"డ్రిల్ ఎన్నింటికి? బిడ్డను ఇంటికి తీస్కపొండి అత్తమ్మా."

"పదకొండున్నరకు. గేటు మూసిన్రు. నన్నే లోపటికి రానిస్తలేరు."

పన్నెండు గంటలన్నదీ అబద్ధమే. ఇప్పటికే టైం పది దాటింది. నీలిమ కంట్రోల్ రూమ్‌కు ఫోన్ చేసింది. "మైదానంలో ఉన్న బండల లారీలో బాంబుంది. ఇది డ్రిల్ కాదు."

"మస్తు జెప్పిన్రు మేడమ్. మా స్క్రిప్టుల గూడ గిదే ఉన్నది," అంది అవతలి గొంతు. "కానీ గీ కాల్ పదకొండున్నరకు రావాలె. ఇప్పుడే రాసుకుంటే మాకు మార్కులు పోతయ్. జర అప్పుడు చెయ్యున్రి."

రెండోసారి చేస్తే, ఒకరికి ఒకే కాల్ అని పెట్టేశారు.

నీలిమ యూనిట్ ఓనర్ మోటార్‌సైకిల్ తీసింది. "అవ్వా, లారీని నువ్వే గుర్తుపట్టాలె. ఎక్కు." బుగ్గమ్మ చేతిలో సుత్తితోనే వెనక కూర్చుంది. దారిలో రైల్వే గేటు పడింది. ఎంతకూ తరగని గూడ్సు బండి. ఒక్కో డబ్బా వెళ్తుంటే నీలిమ పళ్లు కొరికింది.

పదకొండు ఇరవైకి మైదానం చేరారు. గేటు దగ్గర కానిస్టేబుల్ శ్రీశైలం లాఠీ అడ్డం పెట్టాడు.

"పాస్?"

"లేదు. లోపల బాంబుంది."

"అది మాకెరుకే. డ్రిల్లుల మీరెవరు? పేషెంటా, టెర్రరిస్టా?"

నీలిమకు ఏడుపొచ్చింది. "టెర్రరిస్టును."

"టెర్రరిస్టుల గేటు ఎన్కకున్నది."

వెనక గేటు దగ్గర కాపలాయే లేదు. లోపల లారీ నిలబడి ఉంది. బండలు దించే తీరిక లేక దాని చుట్టూనే పిల్లల్ని పడుకోబెట్టారు. డ్రైవర్ లేడు. నీలిమ పరుగున వెళ్లి సైరన్ నొక్కింది. స్టేజీ మీద పెద్దలందరూ వాచీలు చూసుకున్నారు. పిల్లలు ఒక్కరూ కదల్లేదు. హంసిని ఒక కన్ను తెరిచింది.

"లే బిడ్డా. ఉరుకు."

"అమ్మా, నేను సచ్చిపోయిన. స్ట్రెచర్ వచ్చేదాంక లేవొద్దని టీచర్ చెప్పింది. మాట్లాడకు."

నీలిమ కూతుర్ని ఎత్తుకోగలదు. మిగిలిన నూట పంతొమ్మిది మందిని ఎలా? గొంతు చించుకుని అరిచింది. ఎంత అరిస్తే అంత గట్టిగా కళ్లు మూసుకున్నారు.

బుగ్గమ్మ కొంగు దోపుకుంది. "పిల్లలూ, బడికాడ గుడ్లు పెడుతున్రు. ముందుగాల పోయినోళ్లకే రెండు."

నూట ఇరవై శవాలు ఒక్కసారిగా లేచాయి. వెనక గేటు దాటి బడివైపు పరుగు తీశాయి. వాళ్ల వెనక టీచర్లు, టీచర్ల వెనక స్ట్రెచర్లు.

"ఇదే లారీ," అని బుగ్గమ్మ పైకెక్కి బండను తట్టి చూసింది. "అడుగున బోలున్నది." ఒక్క దెబ్బ. నడిమి బండ రెండు ముక్కలైంది. కింద పెట్టె, వైర్లు, వెనక్కి పరుగెడుతున్న అంకెలు. తొమ్మిది. ఎనిమిది. నీలిమ చెయ్యి దూర్చింది. రాతి అంచు మోచెయ్యి కోసింది. బ్యాటరీ వైరు వేళ్లకు అందింది, జారింది, మళ్లీ అందింది. లాగింది.

అంకె రెండు దగ్గర ఆరిపోయింది.

ముందు గేటు దగ్గర సింధుజ గొంతు పెంచుతోంది. "నన్ను వెళ్లనివ్వు. ఈ డ్రిల్ నాదే."

"డ్రిల్లు అయ్యేదాంక ఎవ్వరు బయటికి పోవద్దు," అన్నాడు శ్రీశైలం. "గీ ఆర్డర్ మీద సంతకం మీదే మేడమ్."

నీలిమ వెనక నుంచి వచ్చి, శ్రీశైలం దగ్గరి సంకెళ్లు తీసి సింధుజకు వేసింది.

"ఎక్కడ పొరపాటు జరిగింది?" సింధుజ నల్ల కళ్లద్దాలు తీసింది.

"లోడింగ్‌లో," అంది నీలిమ.

చీఫ్ చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. లారీని చూశాడు, సింధుజను చూశాడు. చివరికి, "సైరన్ ముందే మోగించావు. రిపోర్టులో రాయాల్సి వస్తుంది," అన్నాడు.

నీలిమ బడి వైపు నడిచింది. వరండాలో నూట ఇరవై మంది రంగు పూసుకున్న పిల్లలు పళ్లేలు ముందు పెట్టుకుని వరసగా కూర్చున్నారు. హంసిని తల్లి మెడ పట్టుకోలేదు, దగ్గరికీ రాలేదు. ఖాళీ పళ్లెం చూపించింది.

విదేశీ ముఠా మనిషిని పట్టుకున్న విభాగంలో, ఇవాళ గుడ్ల రోజు కాదని ఆ పిల్లలకు చెప్పడానికి మాత్రం ఒక్కరూ ముందుకు రాలేదు.