గడియ చప్పుడు

పాస్టరుగారు ఆదివారం ప్రసంగం రాసుకోవడానికి భోజనాలబల్ల ముందు కూర్చున్నారు. బల్ల మీద కూతురి సిద్ధాంతవ్యాసం కాగితాలు పరిచి ఉన్నాయి. మనోవిశ్లేషణ చదువు పూర్తిచేయడానికి ఆమె రాస్తున్నదది. పక్కకు జరపబోయి ఒక వాక్యం దగ్గర ఆగిపోయారు. 'పసితనంలో తండ్రి ఎలా కనబడ్డాడో, చాలామందికి దేవుడూ అలాగే కనబడతాడు.'

"అంటే దేవుడు మన ఊహేనా?" ఆయన గొంతు వంటింటిదాకా వినబడింది.

కూతురు తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది. "నేనలా రాయలేదు నాన్నా. దేవుడున్నాడో లేడో ఈ చదువు తేల్చలేదు. మనం ఆయన్ని ఎలా చూస్తున్నామో మాత్రమే అడుగుతుంది."

"పాపమన్న మాటే లేదిందులో! అన్నీ చిన్ననాటి గాయాలేనా?"

"మంచి చేద్దామనుకుని చెడే ఎందుకు చేస్తామని ప్రతి ఆదివారం మీరే అడుగుతారుగా? నేనూ అదే వెతుకుతున్నాను."

"మాటకు మాట చెప్పకు. నా ఇంట్లో ఉండాలంటే ఈ చదువు మానెయ్!"

"ఏడేళ్ళప్పుడు అబద్ధమాడానని నన్ను ప్రార్థన గదిలో పెట్టి గడియ వేశారు, గుర్తుందా? ఇప్పటికీ కళ్ళు మూసుకుని 'తండ్రీ' అనగానే నాకు ఆ గడియ చప్పుడే వినిపిస్తుంది. అయినా ప్రార్థన మానలేదు నాన్నా. ఆయన మీలా కాదేమోనన్న ఆశతోనే ఈ చదువులో చేరాను."

ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ భార్యవైపు చూశారు, కాదంటుందేమోనని. ఆమె తల దించుకుంది. "తలుపు అవతల నేనూ ఏడుస్తూ కూర్చున్నానండీ. తీయడానికి ధైర్యం చాల్లేదు."

పాస్టరుగారు కలం బల్ల మీద పెట్టేశారు. "మా నాన్న నన్ను బొగ్గుల కొట్లో పెట్టేవాడు. దానివల్లే బాగుపడ్డానని ఇన్నేళ్ళూ అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. భయపడ్డానని మాత్రం ఎవరికీ చెప్పలేదమ్మా, దేవుడికి కూడా." ఆయన కూతురివైపు తిరిగారు. "తప్పు నాదే. నన్ను క్షమించు."

కూతురు ఆయన పక్కనే కూలబడి భుజం మీద తల ఆనించింది.

"చదువు మానకు," అన్నారాయన కళ్ళు తుడుచుకోకుండానే. "నీకు ఈ చదువు చెప్పే మేడం దగ్గర, మనసు విప్పి మాట్లాడుకోవడానికి నాకూ ఓ అరగంట దొరుకుతుందేమో అడుగుతావా?"

"అరగంట ఏం సరిపోతుంది! ఈయన పేరు ఏడాదికి రాయించు," అంది తల్లి ముక్కు చీదుతూ.

ముందుగా నవ్వింది పాస్టరుగారే.