సగం మిల్లులో మూడు కేకలు

చీకటి పడ్డాక ఆ సగం మిల్లు పక్కనుంచి వెళ్ళాల్సి వస్తే, తెలిసినవాళ్ళు ఒకటే చెప్పేవారు... ఎవరు అడిగినా పలకొద్దు.

అడిగేది కూడా వింతగా ఏమీ ఉండదు. ఏడుపు లేదు, నవ్వు లేదు, గజ్జెల చప్పుడు లేదు. పని మీదున్న మనిషి గొంతు, పైఅంతస్తులోంచి అడుగుతుంది – "లోపల ఎవరైనా ఉన్నారా?"

పాలు పోసే ఒకాయన సైకిలు ఆపి, "నేనున్నా, ఏం కావాలి?" అన్నాడట. మర్నాటి నుంచి నెల్లాళ్ళు మాట పడిపోయిందట. ఆ నెల్లాళ్ళూ ఇల్లు ప్రశాంతంగా ఉందని ఆయన భార్య చెప్పుకుందని కూడా అంటారు. ఏది ఎంత నిజమో గానీ, ఆ దారిన నడిచేవాళ్ళు మాత్రం తగ్గిపోయారు.

అది మూతపడ్డ నూలు మిల్లు. పేలుడు మందు పెట్టి కూల్చేటప్పుడు ముందు సగమే కూలింది. వెనక సగం కోసిన సబ్బు ముక్కలా నిలబడిపోయింది. వీధిలోంచి చూస్తే గదుల లోపలి రంగులు, గోడకి వేలాడుతున్న వాష్‌బేసిన్, ఎక్కడికీ పోని మెట్లు కనిపించేవి.

ముందు సగం కింద ఒక మనిషి పోయాడు. అతను ఆ పనికి మందు మేస్త్రి. అందరూ పెద్ద మేస్త్రి అనేవారు.

మందు మేస్త్రులకి ఒక నియమం ఉంది. బెజ్జాల్లో మందు తూటాలు కూరి, తీగలన్నీ పేల్చే పెట్టెకి కలిపాక, పెట్టె హ్యాండిల్ ఊడదీసి జేబులో వేసుకుంటారు. హ్యాండిల్ తిప్పితేనే మందు పేలుతుంది; అది లేని పెట్టె ఉత్త డబ్బా. అప్పుడు నిలబడి మూడు కేకలు వేస్తారు – లోపల ఎవరైనా ఉన్నారా అని. ఎవరూ పలక్కపోతే లోపలికెళ్ళి అంతస్తు అంతస్తుకీ మళ్ళీ కేకేస్తూ, ప్రతి గదీ కళ్ళతో చూసి వస్తారు. హ్యాండిల్ జేబులో ఉన్నంతసేపు బయట ఎవరూ ఏమీ చెయ్యలేరు.

పలక్కపోతే ఇంక చూడ్డమెందుకని పెద్ద మేస్త్రి తమ్ముడు కొన్నేళ్ళ కిందట ఒకసారి అడిగాడు. అతను అప్పుడప్పుడే అన్న దగ్గర పని నేర్చుకుంటున్నాడు.

"పలకనివాడు లేనట్టు కాదురా," అన్నాడు పెద్ద మేస్త్రి. "చెవిటివాడుంటాడు, నిద్రపోయినవాడుంటాడు, భయపడ్డవాడుంటాడు. వెళ్ళి చూడు."

ఆ రోజు పెద్ద మేస్త్రి అలా చూడ్డానికే వెళ్ళాడు. హ్యాండిల్ అతని జేబులోనే ఉంది. కూల్చే పని పట్టిన కాంట్రాక్టరు దగ్గర ఇంకొకటి ఉందని ఎవరికీ తెలీదు.

రోడ్డు మూసేందుకు ఇచ్చిన అనుమతి గడువు ముగిసిపోతోంది. మళ్ళీ తెచ్చుకోవాలంటే కాళ్ళరిగేలా తిరగాలి. కాంట్రాక్టరు ఆగలేదు. మిల్లు ముందు సగం కూలింది.

రాళ్ళ కింద శవాన్ని ముందుగా చేరినవాడూ కాంట్రాక్టరే. తర్వాత చూస్తే జేబులో హ్యాండిల్ లేదు. మేస్త్రి తాగి, చెప్పకుండా లోపలికెళ్ళి పడుకున్నాడని విచారణలో చెప్పాడు. "మందువాడికి మందు అలవాటే కదా," అని బయట నవ్వాడు కూడా. ఆ మాట టీ బడ్డీల దగ్గర బాగా చెల్లింది.

మందు ముట్టే చేత్తో మందు ముట్టకూడదని, పెళ్ళి విందులో కూడా గ్లాసు బోర్లించి కూర్చునే మనిషి పెద్ద మేస్త్రి.

ఆ తర్వాతే దెయ్యం కథ పుట్టింది. పుట్టించింది ఎవరో తమ్ముడికి తెలుసు. ఆ రాళ్ళ దగ్గరికి ఎవరూ వచ్చి ఆరా తియ్యకూడదనుకున్నవాడు ఒక్కడే, కాంట్రాక్టరు.

కొంతకాలానికి, మిగిలిన సగం ఎవరి మీదైనా పడుతుందని, వెంటనే కూల్చమని కాంట్రాక్టరుకి ఉత్తర్వు వచ్చింది. ఏ మేస్త్రీ ఒప్పుకోలేదు. చివరికి తమ్ముడే వెళ్ళి నిలబడ్డాడు. అప్పటికి అతన్ని చిన్న మేస్త్రి అంటున్నారు.

కాంట్రాక్టరు ఒక క్షణం తడబడ్డాడు. ముఖమైతే అచ్చం అన్నదే. తర్వాత భుజం మీద చెయ్యేసి, పోయినవాళ్ళు పోయారు, ఉన్నవాళ్ళ కడుపు చూసుకోవాలి కదా తమ్ముడూ అన్నాడు. చిన్న మేస్త్రి తలూపాడు.

వదిన మాత్రం మోసపోలేదు. అతను బయల్దేరుతుంటే గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మీ అన్న తాగి పోయాడన్న మాట ఒక్కటి చెరిగితే నాకు చాలు, చిన్నా. ఇంకో శవం నాకొద్దు."

అతను ఆమె పక్కనుంచి బయటికి నడిచాడు. అతనికి కావలసింది శవమే.

బళ్ళ రద్దీ తగ్గాకే పేల్చాలని ఆంక్ష. అందుకని దీపాలు వెలిగే వేళకి ముహూర్తం కుదిరింది. పగలంతా స్తంభాలకి బెజ్జాలు వేసి, తూటాలు కూరి, తీగలు లాగారు. ఆ బెజ్జాలు వేసిన ముసలాయన్ని అందరూ బెజ్జాల బాబాయ్ అంటారు. సాయంత్రానికి ఆయన మొండికేశాడు. దెయ్యం ఉన్నచోట తాను నిలబడనన్నాడు. కాంట్రాక్టరు అయ్యగారే ఒక్కసారి లోపలికెళ్ళి, అంతా చుట్టి వస్తే తనకూ గుండె నిబ్బరం వస్తుందన్నాడు.

"వెళ్తారా, మమ్మల్నే వెళ్ళమంటారా?" అని మెల్లగా కదిపాడు.

ఈ మాటలు బాబాయ్‌కి నేర్పింది చిన్న మేస్త్రి. ఎందుకో మాత్రం చెప్పలేదు.

కూలీలు చూస్తున్నారు. రోడ్డు మూసిన పోలీసాయన మీసం కింద నవ్వుతున్నాడు. కాంట్రాక్టరు టార్చి లాక్కుని లోపలికి నడిచాడు.

చిన్న మేస్త్రి అందరినీ రోడ్డు అవతలికి పంపేశాడు. ఇసక బస్తాల చాటున పెట్టె దగ్గర తనొక్కడే మిగిలాడు. చీకటి దట్టమవుతోంది. టార్చి వెలుగు కింది కిటికీలు దాటి, మెట్ల మీదుగా పైకి పాకుతోంది.

హ్యాండిల్ పెట్టెలో దిగింది. చక్కగా, నూనె రాసినట్టు.

తిప్పడమే తరువాయి... కానీ నోరు తనంతట తనే తెరుచుకుంది. ఏళ్ళ తరబడి చేసిన పని. కేకెయ్యకుండా ఆ చెయ్యి ఎన్నడూ తిరగలేదు.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

పైన టార్చి ఆగిపోయింది.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

టార్చి ఆరిపోయింది.

చిన్న మేస్త్రికి విషయం అర్థమైంది, నవ్వొచ్చినంత పనైంది. కాంట్రాక్టరు తను పుట్టించిన దెయ్యానికి తనే జడుసుకుని నక్కాడు. ఊరంతటికీ పలకొద్దని నేర్పినవాడు తనూ పలకడు.

మూడో కేక వేశాడు. గోడలు తిరిగి అదే మాట అన్నాయి. తర్వాత ఏమీ లేదు.

రోడ్డు అవతల అంతమంది విన్నారు. మూడు కేకలకీ జవాబు రాలేదు. కాంట్రాక్టరు వెనక దారిన బయటికి వచ్చేశాడనుకున్నానంటే ఎవరు కాదంటారు? ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. మునివేళ్ళు హ్యాండిల్ మీద బిగుసుకున్నాయి. అన్న ముఖం మీద తెల్లగుడ్డ కప్పిన క్షణం గుర్తొచ్చింది... తిప్పు, తిప్పు అని ఒళ్ళంతా అంటోంది.

పలకనివాడు లేనట్టు కాదు.

ఆ మాట చేతికి అడ్డం పడింది. అది వదిలేస్తే అన్న నేర్పిన పనిలో ఇంక మిగిలేదేముంది? హ్యాండిల్ ఊడదీశాడు. జేబులో వేసుకున్నాడు. బాబాయ్‌నీ, పోలీసాయన్నీ కేకేసి, వాళ్ళు వెంట వస్తుంటే దీపం పట్టుకుని మిల్లులోకి నడిచాడు.

లోపల సున్నం వాసన. ప్రతి స్తంభం నడుముకీ తీగలు. కాళ్ళకింద పెళ్ళలు చిట్లుతున్నాయి. బాబాయ్ తను ఉట్టినే అన్నానని, అయ్యగారు నిజంగా వెళ్తారనుకోలేదని తనలో తను గొణుక్కుంటున్నాడు.

మెట్ల మలుపులో, గోడకి వీపు ఆనించి, మోకాళ్ళు కావిలించుకుని ఉన్నాడు కాంట్రాక్టరు.

చిన్న మేస్త్రి దీపం ఎత్తాడు. వెలుగు ముందుగా తన ముఖం మీదే పడింది... ఆ అన్న పోలిక ముఖం మీద. కాంట్రాక్టరు చూశాడు. రెండు చేతులూ జోడించాడు.

"పెద్ద మేస్త్రీ... నువ్వు లోపలున్నావని నాకు తెలుసు," అన్నాడు. "కిటికీలోంచి చెయ్యి ఊపావు, ఆగమని. చూశాను. చూసే తిప్పాను. నువ్వు తాగలేదు... నేనే అలా చెప్పాను."

పోలీసాయన ఒక మెట్టు పైకెక్కాడు. ఇంకోసారి చెప్పమన్నాడు. కాంట్రాక్టరు అతని వైపు చూడకుండానే మళ్ళీ చెప్పాడు – రెండో హ్యాండిల్ సంగతి, శవం జేబు సంగతి. బాబాయ్ తల పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు.

వదిన అడిగింది దొరికింది. చిన్న మేస్త్రి గుండెల్లో ఇన్నాళ్ళూ బిగిసిన ముడి వదులైంది. తను ఎవరో చెప్పి, ఆ మనిషిని లేవదీద్దామని వంగాడు. వంగుతూ ఒక్క మాట అడిగాడు.

"మూడుసార్లు పిలిచాను కదా. ఉన్నానంటే పోయేదేముంది? భయపడ్డావా?"

కాంట్రాక్టరు అర్థంకానట్టు చూశాడు.

"పలకబోయాను... మూడుసార్లూ పలకబోయాను. మేస్త్రీ, నువ్వే కదా వెనకనుంచి నా నోరు నొక్కిపట్టావు."

దీపం దగ్గరికి జరిగింది.

కాంట్రాక్టరు మూతి మీద సున్నపు ధూళి. ఆ ధూళిలో ఒక చెంప మీద నాలుగు వేళ్ళ అచ్చులు, రెండో చెంప మీద బొటనవేలి అచ్చు. ఆ అచ్చుల కింద చర్మం ఇంకా కమిలి ఉంది. అతని వెనక ఉన్నది గోడ ఒక్కటే.

పోలీసాయన కాంట్రాక్టరు చెయ్యి పట్టుకుని లేవదీశాడు. బాబాయ్ ముందు దారి తీశాడు. చిన్న మేస్త్రి అందరికన్నా వెనక దిగాడు. తలెత్తి చూడలేదు. చెయ్యి మాత్రం జేబులో పెట్టి హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకున్నాడు.

సగం మెట్లు దిగాక, వెనకనుంచి ఎవరో దాన్ని మెల్లగా లాగారు.

అతను వదల్లేదు.

"వద్దు, అన్నా," అన్నాడు నెమ్మదిగా.

ఇంకోసారి లాగారు. ఈసారి గట్టిగా.