కట్టేసిన కుళాయి

సాయంత్రం నాలుగు పది. పెరట్లోని రేకుల షెడ్డులోంచి కేక వినిపించింది.

మాస్టారి భార్య పరుగెత్తుకొచ్చేసరికి షెడ్డు నిండా ఆవిరి. మాస్టారు రెండు చేతులతో మొహం కప్పుకొని నేల మీద పడి ఉన్నారు.

ఆస్పత్రిలో కళ్ళకు కట్టు కట్టారు. చూపు దక్కుతుందో లేదో రెండు రోజులాగితే గాని చెప్పలేమన్నాడు డాక్టరు.

అయిదింటికి మాస్టారి భార్యను వెంటబెట్టుకుని ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఆయన కాపురం ఆ ఇంటి పై వాటాలోనే.

ముందు వాసన చూశాడు. సారా కాదు, నిమ్మగడ్డి. కెమిస్ట్రీ మాస్టారికి రిటైరయ్యాక పట్టుకున్న పిచ్చి అది. బస్తాడు గడ్డి ఉడకబెట్టి చెంచాడు నూనె తీసేవారు.

స్టవ్వు మీద రాగి బిందె. దాని మూతలోంచి బయల్దేరిన రాగి గొట్టం, పాత పెయింటు బకెట్లో చుట్టలు చుట్టుకుని, కింద సీసాలోకి దిగుతోంది. షెడ్డు బయట కుళాయి నుంచి ఒక పైపు బకెట్లోకి చన్నీళ్ళు తెస్తుంది. వేడెక్కిన నీళ్ళు ఇంకో పైపులోంచి బయటి కాలవలోకి పోతాయి.

నీళ్ళు పారినంతసేపూ ఆవిరి చల్లబడి చుక్కలుగా దిగుతుంది. నీళ్ళు ఆగితే బకెట్టే మరుగుతుంది. అప్పుడు ఆవిరి ఆవిరిగానే తన్నుకొస్తుంది. చుక్కలు ఎందుకు ఆగాయా అని మాస్టారు వంగి చూశారు.

కుళాయి కట్టేసి ఉంది.

"తిరగడం లేదు సార్," అన్నాడు కానిస్టేబుల్. తువ్వాలు చుట్టి, రెండు చేతులా పట్టి తిప్పితే గాని అది తెరుచుకోలేదు.

"రెంచితో బిగించారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఈ ఏర్పాటంతా ఎవరు చేశారు, పిన్నిగారూ?"

"ప్లంబరు, బాబూ. పొద్దున ఈయనా అతనూ గట్టిగా కేకలేసుకున్నారు కూడా. మళ్ళీ మూడు నలభైకి పెరట్లోకొచ్చి వెళ్ళాడు."

అరగంటలో ప్లంబరు స్టేషన్లో ఉన్నాడు. అతని సంచిలో రెంచి ఉంది.

"గొడవెందుకు పడ్డావు?"

"డ్రమ్ము, చిన్న మోటారు పెట్టి ఉన్న నీళ్ళే తిప్పుదామన్నాను సార్. కుళాయి చాలన్నారు. ఎవరైనా కట్టేస్తే ప్రమాదమని మొత్తుకున్నాను."

"ఎవరైనానా? నువ్వేనా? మూడు నలభైకి పెరట్లో నీకేం పని?"

"పొద్దున మర్చిపోయిన రెంచి తెచ్చుకోవడానికి వెళ్ళాను."

"దాంతోనే బిగించావు!"

"రెంచి వేస్తే ఇత్తడి మీద పళ్ళ గుర్తులు పడతాయి సార్. ఒక్కసారి చూసి..."

చెంప ఛెళ్ళుమంది. ప్లంబరు తల వంచుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ వాష్‌బేసిన్‌లో చేతులు కడుక్కుని వచ్చి రిపోర్టు ముందేసుకున్నాడు. టైపింగ్ అయిపోయింది. ఒక్క సంతకమే తరువాయి.

కానిస్టేబుల్ బేసిన్ దగ్గరికెళ్ళాడు. భుజం మీది తువ్వాలు తీసి కుళాయికి చుట్టాడు.

"అదేంటి?"

"మీరు కట్టారు కదా సార్," నసిగాడు కానిస్టేబుల్. "రోజూ ఇంతే."

ఇన్‌స్పెక్టర్ చేతిలో కలం ఆగిపోయింది.

ఇవాళ మధ్యాహ్నం మూడు నలభై అయిదు. డ్యూటీకి బయల్దేరుతూ స్కూటర్ కోసం పెరట్లోకి వెళ్ళాడు. పైపులోంచి నీళ్ళు కాలవపాలవుతున్నాయి. నీళ్ళు వృథా అయితే ఆయనకి ఒళ్ళు మంట. వాటాల వాళ్ళందరికీ ఎన్నిసార్లు క్లాసు పీకాడో! ఆ తర్వాత? ఎంత ఆలోచించినా చెయ్యి ఏం చేసిందో గుర్తు రాలేదు. గుర్తుంచుకోదగ్గ పని కాదది. రోజుకు పదిసార్లు చేసేదే.

నోరు మూసుకుంటే సరిపోతుంది. సంతకం పెడితే ప్లంబరు జైలుకి పోతాడు. ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకే ఆయనకి తన మీద తనకి అసహ్యం వేసింది.

ఆరూ యాభైకి అందరినీ పెరట్లో నిలబెట్టాడు. ఆస్పత్రి నుంచి మాస్టారి భార్యను రప్పించాడు. పై నుంచి తన భార్యను పిలిచాడు. వాచిన చెంపతో ప్లంబరు ఒక పక్కన నిలబడ్డాడు.

టార్చి వెలుగు కుళాయి మీద పడింది.

"పళ్ళ గుర్తులున్నాయా?"

"లేవు సార్," అన్నాడు కానిస్టేబుల్.

"అంటే చేత్తో కట్టిందే. ఒంటి చేత్తో తిప్పలేనంత బిగువుగా." భార్య వైపు తిరిగాడు. "ఇలా కట్టేది ఈ ఇంట్లో ఎవరు?"

"ఇంకెవరు, మీరే!" ఆవిడ నవ్వింది. "వంటింటి కుళాయి తిప్పలేక నేను చస్తున్నా..."

నవ్వు సగంలో ఆగింది.

"అవును, నేనే," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మూడు నలభై అయిదుకి. లోపల మాస్టారున్నారేమో చూడలేదు, నీళ్ళెందుకు పారుతున్నాయో అడగలేదు. ఇతను గుర్తులు చూడమంటే చూడలేదు, కొట్టాను."

సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఎంతమందికి ఇలా నోరెత్తే సందు ఇవ్వలేదో అనుకుంటే తల పైకి లేవలేదు.

మాస్టారి భార్య రెండడుగులు ముందుకొచ్చింది.

"ఈ మాట ఆయనకి మీ నోటితోనే చెప్పండి బాబూ," అంది. "చూపు వచ్చినా సరే, రాకపోయినా సరే."

"చెప్తాను పిన్నిగారూ." కానిస్టేబుల్ వైపు చూశాడు. "ఆ రిపోర్టు చించెయ్. నా స్టేట్‌మెంట్ రాసుకో."

తర్వాత ఇన్‌స్పెక్టర్ ప్లంబరు ఎదుటికి వచ్చి నిలబడ్డాడు. క్షమించమనాలి.

కానిస్టేబుల్ తెరిచిన దగ్గర్నుంచీ కుళాయి అలాగే ఉంది. పైపులోంచి నీళ్ళు కాలవలోకి పోతూనే ఉన్నాయి. ఏం చెయ్యాలో తోచక ఇన్‌స్పెక్టర్ చెయ్యి దానంతటదే అటు సాగింది. సగం దూరంలో ఆగింది. అందరూ ఆ చెయ్యినే చూస్తున్నారు.

"ఉండనివ్వండి సార్," అన్నాడు ప్లంబరు నెమ్మదిగా. "నేను కడతాను."

రెండు వేళ్ళతో తిప్పాడు. నీళ్ళు ఆగిపోయాయి.