ఏటవాలు మంచు

పాప చనిపోయింది. తొమ్మిదేళ్లది. జీన్ థెరపీ మందు ఎక్కించిన వారానికే లివర్ పాడైపోయింది.

తమ్ముడికీ అదే జబ్బు. పక్క వార్డులో ఉన్నాడు. మధ్యాహ్నం రెండింటికి వాడికీ అదే మందు ఎక్కించాలి.

"తప్పంతా తల్లిదే," అన్నాడు రీసెర్చ్ డైరెక్టర్, కుర్చీలో వెనక్కి వాలి. "మందును కణాల్లోకి మోసుకెళ్లేది వైరస్. ఇమ్యూనిటీ దాని మీద తిరగబడకుండా స్టెరాయిడ్ మాత్రలిచ్చాం. ఈవిడ వేసుండదు. పిల్లాడికి నర్సులే వేస్తున్నారు, భయం లేదు."

"వేశానమ్మా! నా చేత్తోనే వేశాను!" తల్లి, విచారణకు వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మ చేతులు పట్టుకుంది.

ఇన్‌స్పెక్టరమ్మకు ఒళ్లు మండింది. పాప రక్తంలో స్టెరాయిడ్ ఉందని పోస్ట్‌మార్టం డాక్టర్ పొద్దున్నే చెప్పాడు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి మీద నింద వెయ్యడానికి ఈ పెద్దమనిషికి నోరెలా వచ్చింది?

"పిల్లాడికి ఎక్కించబోయే మందు చూపించండి."

టెక్నీషియన్ ఫ్రీజర్ తెరిచి, మందున్న చిన్న గాజు సీసాను, వయల్‌ను, డ్రై ఐస్‌లో నిలబెట్టి తెచ్చాడు. వయల్ నిటారుగానే ఉంది. లోపలి మంచు మాత్రం ఒక పక్కకే పేరుకుని మూత దాకా ఏటవాలుగా పాకింది. ఇంట్లో నీళ్ల సీసాను ఫ్రీజర్‌లో పడుకోబెడితే అచ్చం ఇలాగే గడ్డకడుతుంది.

"మందు నింపాక ఎలా పెడతారు?"

"నిలబెట్టే మేడమ్. ఎప్పుడైనా అంతే."

"మరి ఇదేంటి?"

టెక్నీషియన్ డైరెక్టర్ వైపు ఓరగా చూశాడు. "పోయిన నెల పాపదీ, పిల్లాడిదీ రెండు వయల్సూ ట్రేలో పడుకుని ఉన్నాయి మేడమ్. నేనే తీసి నిలబెట్టాను. ముందురోజు ఇన్వెస్టర్లకు చూపిస్తానని సారే బయటికి తీశారు."

ఇన్‌స్పెక్టరమ్మ గిర్రున తిరిగింది.

"టేబుల్ మీద పడేసి కబుర్లలో పడ్డారు. మందు కరిగిపోయింది. గుట్టుచప్పుడు కాకుండా మళ్లీ ఫ్రీజర్‌లో తోశారు. అవునా, కాదా?"

డైరెక్టర్ మొహం పాలిపోయింది.

"కరిగి మళ్లీ గడ్డకడితే వైరస్ ముద్దలు కడుతుందని మీకు తెలీదా? ఆ ముద్దల్ని చూసి ఇమ్యూనిటీ రెచ్చిపోతే ఏ మాత్ర ఆపుతుంది?"

"పారేస్తే... మళ్లీ తయారు చెయ్యడానికి ఏడాది పట్టేది."

"ఏడాది ఆగినా ఆ పిల్ల బతికుండేదిరా! ఆగలేనిది నువ్వు!"

తల్లి అప్పటికే పక్క వార్డులోకి పరుగెత్తింది. మందు కోసం కొడుకు చేతికి ముందే గుచ్చి ఉంచిన సూదిని నర్సు చేత తీయించింది. గుమ్మం దాకా వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మ అక్కడే ఆగిపోయింది.

"ఇవాళ మందు లేదా అమ్మా?"

"లేదు నాన్నా."

పిల్లాడు మూతి ముడుచుకున్నాడు.

"అక్కకైతే ఇచ్చారుగా!"