అత్తయ్య పేరున వచ్చిన ఆర్డరు

పాలు పొంగి, చల్లారి, మీగడ కట్టాయి. కొడుకు నాలుగు ముద్దలు తిని డ్యూటీకి వెళ్ళిపోయాడు. కోడలు తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది. అన్నీ రోజూలాగే ఉన్నాయి. అత్తగారు మాత్రం పొద్దున్నే తల దువ్వుకుని, బయటికెళ్ళే బట్టలు కట్టుకుని, వీధి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. పక్కన ఒక పెట్టె, ఒక పరుపుచుట్ట, గుడ్డ కప్పిన కుట్టుమిషను. లోకంలో ఆవిడవంటూ మిగిలినవి ఆ మూడే.

కోడలు చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుంటే పక్కన పిడుగు పడ్డా తెలీదు. కుట్టుమిషనుని నడవలోంచి బరబరా ఈడ్చుకొచ్చినా ఆ తలుపు తెరుచుకోలేదు.

బండి రావాలి. వీధిలో ఏ ఇంజను చప్పుడైనా ఆవిడ లేచి నిలబడుతోంది. అది ముందుకెళ్ళిపోతే మళ్ళీ కూర్చుంటోంది. బండి ఏ మలుపులో దారి తప్పిందో, డ్రైవరుకి ఒంట్లో బాగుందో లేదో, అడ్రసులో తనే ఏదైనా తప్పు కొట్టిందో! ఎదురుచూడ్డం మొదలుపెడితే ఆవిడ బుర్ర ఊరుకోదు.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కూతురికి మాత్రం "కొన్నాళ్ళు నీ దగ్గర ఉందామని వస్తున్నానే" అని ఫోను చేసింది. కుట్టుమిషను సంగతి ఎత్తలేదు. ఎత్తితే కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో కూతురికి అర్థమైపోతుంది. కొడుక్కీ కోడలికీ చెప్పకపోవడానికి కారణం వేరే. వెళ్ళొద్దంటారేమోనని కాదు. అనరేమోనని.

ఇళ్ళు మారడం ఆవిడకి కొత్త కాదు. భర్త వంతెనలు కట్టే కంపెనీలో సూపర్‌వైజరుగా చేసేవాడు. ఒక వంతెన పూర్తయ్యేసరికి ఇంకో ఊళ్ళో పునాదులు తవ్వుతుండేవాళ్ళు. ఆయన రెండు ఒడ్డుల్ని కలిపినప్పుడల్లా ఆవిడ ఒక ఊరికి దూరమయ్యేది. పక్కింటావిడ మంచిదని తెలిసేలోపు మూటలు కట్టాలి. ఈసారి ఎవరితోనూ స్నేహం చెయ్యకూడదని ప్రతి ఊళ్ళోనూ అనుకునేది. ప్రతి ఊళ్ళోనూ చేసేది. లారీ కదిలేటప్పుడు వెనక్కి చూడకూడదనుకునేది. చూసేది.

అందుకే కోడలు స్టార్టప్ పెడతానని, అది ఇల్లు మారేవాళ్ళ కోసమని చెప్పినప్పుడు ఆవిడకి నవ్వొచ్చింది. "నా అవస్థ నీకు వ్యాపారమైందా తల్లీ" అంది. ఫోన్లో సామాన్లు రాస్తే చాలు, బండినీ మోసేవాళ్ళనీ యాపే పంపిస్తుంది. ముందుగదిలో పెద్ద బల్ల వేశారు. దానికి ఒక పక్క కోడ్ రాసే గడ్డంగారు, ఇంకో పక్క పేజీలకి బొమ్మలు గీసే అమ్మాయి, మధ్యన కోడలు. పొద్దెక్కిన దగ్గర్నుంచీ ముగ్గురూ వాదించుకుంటూనే ఉండేవాళ్ళు. కొత్తగా వచ్చినవాళ్ళకి కొట్టుకుంటున్నారేమో అనిపించేది. కాసేపటికి ముగ్గురూ ఒకే గిన్నెలోంచి తింటూ కనిపించేవాళ్ళు.

ఏదైనా కొత్త పేజీ తయారైందంటే కోడలు ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చేది. "మొదటి కస్టమరుగారూ, రావాలి, రావాలి" అని పిలిచి, ఆవిణ్ణి తీసుకెళ్ళి బల్ల దగ్గర తన పక్క కుర్చీలో కూర్చోబెట్టేది. ఆ పనికి ఒక పద్ధతుంది. అత్తగారు ఫోను నొక్కుతూ, మనసులో ఏమనుకుంటే అది పైకి అనేస్తూ ఉండాలి. కోడలు సాయం చెయ్యకూడదు, అడ్డు రాకూడదు, వింటూ ఊరుకోవాలి. ఫోను ఆ మాటలన్నిటినీ రికార్డు చేసుకునేది.

"తప్పు నొక్కితేనో?" అని మొదటిరోజు భయపడింది అత్తగారు.

"తప్పు మీది కాదు, నాది. మీకేమనిపిస్తే అది అనండి."

మీకేమనిపిస్తోంది అని అరవై దాటేదాకా ఆవిణ్ణి అడిగినవాళ్ళు లేరు. అడిగేసరికి నోరు పెగల్లేదు. పెగిలాక ఆగలేదు.

"ఇదేంటి, పచ్చది నొక్కమంటావా? నొక్కితే డబ్బులు పోతాయేమో. అమ్మో. సరే, నొక్కా. వంటింటి సామాన్లు. ఊఁ. పగిలేవి. పగిలేవంటే గుర్తొచ్చింది, ఆ నది ఒడ్డు ఊళ్ళో పక్కింటావిడ నాకో గాజుజాడీ ఇచ్చింది, ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను తెలుసా, లారీ దిగేటప్పుడు మీ మామయ్య మోచెయ్యి తగిలి..."

గడ్డంగారు నవ్వాపుకోలేక బల్లకింద దూరేవాడు. కోడలు మాత్రం గోళ్ళు కొరుక్కుంటూ వినేది. యాప్‌లో 'తీసుకెళ్ళనివి' అని ఒక పేజీ ఉంది, వదిలేసే సామాన్లు రాసే చోటు. అక్కడికొచ్చేసరికి ఆవిడ ఎప్పుడూ ఆగిపోయేది. "ఇందులో మనుషుల్ని కూడా రాయొచ్చా?" అని అడిగేది. అలా మూడేళ్ళు గడిచాయి.

తర్వాత ఏఐ వచ్చింది. మొదట గడ్డంగారికి సాయమన్నారు. వారం పట్టే పని పూటలో తేలిపోతోందని ఆయనే అందరికంటే ఎక్కువ మురిసిపోయాడు, పాపం. కొన్నాళ్ళకి కోడ్ అంతా అదే రాసింది, బొమ్మలూ అదే గీసింది. ఇప్పుడు ఇలాంటి కంపెనీకి ఒక్క మనిషి చాలు కదా అన్నారట పెట్టుబడి పెట్టినవాళ్ళు. కోడలు ఇద్దరికీ ఫోన్లో మెసేజి పెట్టింది. మర్నాడు వాళ్ళు రాలేదు. ఆ పైవారం బల్ల కూడా అమ్మేసి, కోడలు లోపలి గదిలోకి మారిపోయింది. ముందుగది ఎంత పెద్దదో అప్పుడు తెలిసింది అత్తగారికి.

ఆవిణ్ణి మానెయ్యమని ఎవరూ అనలేదు. పిలవడం మానేశారు, అంతే. కూరలోంచి కరివేపాకు తీసేటప్పుడు దానికి చెప్పి తీస్తారా?

ఒకరోజు ఆ గది ముందునుంచి వెళ్తుంటే లోపల ఎవరో ఆడగొంతు వినిపించింది. "అమ్మో, పచ్చది నొక్కితే డబ్బులు పోతాయేమో తల్లీ." గొంతు ఎవరిదో. మాట తనది. ఆవిడ గోడ పట్టుకుని నిలబడిపోయింది.

భోజనాల దగ్గర కొడుకే విప్పి చెప్పాడు, మెచ్చుకోలుగా. "నువ్వన్న మాటలన్నీ ఏఐకి వినిపించి, నీలాంటి కస్టమరునొకదాన్ని తయారుచేసిందమ్మా. పేరు కూడా అత్తయ్యే. రాత్రంతా ఉత్తుత్తి ఆర్డర్లు పెడుతూ యాప్‌లో లోపాలు పట్టుకుంటుంది. అలుపనేది లేదు."

"దానికి నడుంనొప్పి లేదుగా మరి" అంది ఆవిడ.

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. వెళ్ళిపోవాలనే మాట ఆ నవ్వులోనే ఎక్కడో పడింది మనసులో.

నిన్న రాత్రి ఆవిడ కోడలి యాప్‌లోనే బండికి ఆర్డరు పెట్టింది. ఎక్కడా ఆగకుండా పేజీలన్నీ దాటుకుపోయింది. పేరు అడిగితే, బల్ల దగ్గర మూడేళ్ళు అలవాటు పడ్డ చెయ్యి, 'అత్తయ్య' అని కొట్టింది. 'తీసుకెళ్ళనివి' దగ్గర ఏమీ రాయలేదు. నోరు తెరిచి పైకి కూడా ఏమీ అనలేదు. వినేదెవరని?

ఎండ గుమ్మం దాటి లోపలికొచ్చింది. మంచినీళ్ళ కోసం బయటికొచ్చిన కోడలు నడవలో ఆగిపోయింది.

"అత్తయ్యా? ఏంటివన్నీ?"

"నా సామాను."

"అదే, ఎక్కడికి?"

"మీ ఆడపడుచు దగ్గరికి."

"కుట్టుమిషనుతోనా?" కోడలి మొహంలో రంగు మారింది. "మీ అబ్బాయికి తెలుసా?"

"బండెక్కాక చెబుదామనుకున్నా. ఏదీ, బండొస్తేగా! మీ కంపెనీ బండే. పొద్దున్నుంచీ చూస్తున్నా, అజా లేదు, పజా లేదు. ఇలా అయితే నీ కస్టమర్లు నిన్ను తిట్టుకోరూ?"

"మా బండా? మీరు ఆర్డరు పెట్టారా? నిజం ఆర్డరా?"

"ఖాయమైందని ఫోన్లో కూడా వచ్చింది."

"ఏ పేరుతో పెట్టారు?"

"నన్ను నువ్వు పిలిచే పేరుతోనే. అత్తయ్య అని."

కోడలు గోడకి ఆనుకుంది. "నేనే తీసేశాను. ఆ ఏఐ రాత్రి పెట్టిన ఆర్డర్లన్నీ పొద్దున్నే తుడిచేస్తుంటాను. పేరు అదే, అడ్రసు మనదే. అది పెట్టిందే అనుకున్నాను."

"చూడకుండానే తుడిచావా?"

"చూశాను. పెట్టె, పరుపు, కుట్టుమిషను. చూసి, బాగా నేర్చుకుందే అనుకున్నాను."

ఆ మాటకి అత్తగారు గొంతు పెంచలేదు.

"నా మాటలు దానికిచ్చావు. సరే, మాటలేమన్నా అరిగిపోతాయా అనుకున్నా. నా కుర్చీ ఇచ్చావు. పోనీలే, వయసైనదాన్ని అనుకున్నా. నేను ఈ ఇంట్లోంచి వెళ్ళిపోతున్నానని నీ ఎదురుగా రాసుంటే, అదీ దానిదే అనుకున్నావా? అందులో ఒక్క అక్షరమైనా నాదనిపించలేదా తల్లీ?"

"అనిపించలేదు" అంది కోడలు. అబద్ధమాడే ఓపిక కూడా లేనట్టు అక్కడే నేలమీద కూలబడింది. కాసేపటికి ఆమెకీ రోషం వచ్చింది. "మరి మీరు చేసిందేంటి? చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతారా? సాయంత్రం ఆయనొచ్చి అమ్మేదంటే నేనేం చెప్పాలి? అంత పరాయిదాన్నైపోయానా?"

"పిలవడం మానేసింది నువ్వు."

"పని లేకుండా పిలవడం ఎందుకని. ఊరికే మిమ్మల్ని శ్రమపెట్టడం..."

"శ్రమా? పనుందని నన్ను పిలిచే మనిషివి నువ్వొక్కదానివే. నా కొడుకు బంగారమే, కాదన్ను. తిన్నావా, మందేసుకున్నావా, ఆ రెండూ దాటి మూడోది అడగడు. నువ్వే, మీకేమనిపిస్తోందీ అనేదానివి. మీ మామయ్య పోయాక ఆ మాట అడిగేవాళ్ళు..." ఆవిడ ఆగి, తనే సర్దుకుంది. "ఆయనున్నప్పుడూ అడగలేదులే. ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి."

కోడలికి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపైందో ఇద్దరికీ తెలియలేదు.

"అత్తయ్యా, ఒకటి చెబుతాను. తిట్టరుగా?"

"తిడతానో లేదో విన్నాక చెబుతా."

"దాన్ని నేను పేజీల గురించే కాదు, వేరేవి కూడా అడుగుతున్నాను." కోడలు నేలమీద వేలితో గీతలు గీస్తూ చెప్పింది. "వాళ్ళిద్దరినీ పంపించేశాక నాకు సరిగా నిద్రపట్టడం లేదు. పని మాత్రం అద్భుతంగా సాగుతోంది. ముగ్గురం నెలంతా చేసేది నేనొక్కదాన్నే చేస్తున్నాను. కానీ ఏం చేసినా బాగుంది, బాగుంది అంటుంది ఏఐ. కాదు పొమ్మనేవాళ్ళు లేరు. ఒకరోజు ఉండబట్టలేక మీలాంటి దాన్నే అడిగాను. అత్తయ్యా, వాళ్ళని పంపించడం నా తప్పా అని."

"గోడకి ఇవతల నేనుండగా?"

"ఊఁ."

"ఏమంది?"

"కాలం అలా వచ్చింది తల్లీ, నీ తప్పేముంది అంది. అచ్చం మీలాగే."

"నేను అలా అననే."

"తెలుసు. అందుకే మిమ్మల్ని అడగలేదు."

వీధిలో ఏదో బండి వచ్చి, ఆగకుండా వెళ్ళిపోయింది. అత్తగారు లేవలేదు.

ఇన్నాళ్ళూ తను ఎవరికీ అక్కర్లేని మనిషినైపోయానని కుమిలిపోయింది. ఈ పిల్లకేమో అక్కర ఉంది. అక్కర కంటే భయం ఎక్కువై, తలుపు వేసుకుని కూర్చుంది. ఒకే ఇంట్లో ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఎదురుచూశారు. ఎన్నో ఊళ్ళకి, ఎంతోమంది మనుషులకి దూరమైంది కానీ, ఇంత దగ్గర కూర్చుని విడిపోవడం ఆవిడ ఎన్నడూ ఎరగదు.

"ఇప్పుడడుగు" అంది.

కోడలు తలెత్తింది. "తప్పా అత్తయ్యా?"

"పని లేకపోతే మనుషుల్ని ఉంచుకోలేవు. అంతమాత్రం నాకూ తెలుసు. వంతెన అయిపోగానే మీ మామయ్య కంపెనీలోనూ సగంమందిని మాన్పించేవాళ్ళు. కానీ ఆ ఓనరు ఒక్కొక్కరి గుమ్మంలోకీ తనే వచ్చి చెప్పేవాడు. వచ్చాడు కదాని ఎవరూ కుర్చీ వెయ్యలేదనుకో. వెనకాల శాపనార్థాలూ పెట్టారు. అయినా వాళ్ళ మొహాలు చూసి మరీ వెళ్ళేవాడు. నువ్వు మెసేజి పెట్టి ఊరుకున్నావు. మూడేళ్ళు నీ పక్కన కూర్చుని నీతో పోట్లాడినవాళ్ళు. పంపించడం తప్పు కాదు తల్లీ. అలా పంపించడం తప్పు."

కోడలు మోకాళ్ళమీద మొహం పెట్టుకుంది. ఏడవనిచ్చింది అత్తగారు. ఊరుకోమనలేదు.

"ఇప్పుడు ఫోను చేస్తే తీస్తారంటారా?" కొంగు కోసం వెతికి, అది లేక చేత్తోనే మొహం తుడుచుకుంటూ అడిగింది కోడలు.

"తియ్యకపోవచ్చు. తీసి తిట్టనూవచ్చు."

"ఏమని చెప్పను?"

"అది నాకేం తెలుసు? నీకేమనిపిస్తే అది అను. మళ్ళీ పనిస్తానని మాత్రం అబద్ధమాడకు."

కోడలు జేబులోంచి ఫోను తీసింది. బొమ్మలమ్మాయి నంబరు దగ్గర వేలు ఆగింది. "మీరు పక్కనుంటారా?" అంది, చిన్నపిల్లలా.

అత్తగారు కుర్చీలోంచి లేచింది. మోకాళ్ళు కలుక్కుమంటుంటే, గోడ పట్టుకుని మెల్లగా కోడలి పక్కన నేలమీద కూర్చుంది. ఫోను మోగుతోంది. మోగుతూనే ఉంది. ఇంక తియ్యదులే అని కోడలు ఆపెయ్యబోతే, ఆవిడ ఆ చేతిని పట్టుకుంది.

అవతల ఎత్తారు. హలో లేదు, ఏమీ లేదు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

కోడలు అత్తగారివైపు చూసింది.

"నేనెక్కడికీ వెళ్ళనులే" అంది ఆవిడ మెల్లగా. "మాట్లాడు."