ఫైఫా కొండ మీద అనపకాయ

"ఈ రోజు నీ వ్యాన్‌లో కొండెక్కేవాళ్ళలో ఒకరు నయీమ్‌ని చంపడానికే వస్తున్నారు. ఎవరన్నది తెలియదు. నీకు తోడుగా ఖుష్బూని పంపుతున్నాను. కోడ్ నువ్వు చెప్పిందే. జాగ్రత్త."

రియాద్ నుంచి చీఫ్ లక్ష్మణ్ ఫోన్ పెట్టేశాడు. బ్రీఫింగ్ అంటే ఆయనకి అంతే. ఆయన మాట్లాడే తెలుగుకి ఊరూ వాడా ఉండవు, రేడియోలో వార్తలు చదివినట్టుంటుంది. డిపార్ట్‌మెంట్‌లో ఎవరిది ఏ జిల్లానో ఎవరూ అడగకూడదని రూలు పెట్టింది కూడా ఆయనే.

కాలేషా ఫోన్ జేబులో వేసుకుని వ్యాన్ అద్దాలు తుడవడం మొదలుపెట్టాడు. సౌదీ నివాస కార్డు ఇకామాలో అతను డ్రైవరు. వీసా ఇచ్చిన యజమాని, అదే కఫీల్, దృష్టిలోనూ డ్రైవరే. ఢిల్లీలో ఒక బీరువాలో ఉన్న ఫైల్లో మాత్రం 'ఏజెంట్ గువ్వ'. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, దొరికితే నాలుగు దులపాలని అతనికి ఎప్పటినుంచో కోరిక.

నయీమ్ వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. రాయచోటి వాడు, జిజాన్ రేవు పక్కనున్న ఒక ప్లాంటులో కంట్రోల్ రూమ్ టెక్నీషియన్. కిందటి నెల ఒక విదేశీ ముఠా అతని చేతిలో గోరంత చిప్ పెట్టి, దాన్ని ప్లాంట్ కంప్యూటర్‌కి తగిలించమంది. తగిలిస్తే ట్యాంకులన్నీ ఒకదాని వెనుక ఒకటి పేలిపోతాయి. నయీమ్ తగిలించలేదు. సరాసరి కాలేషా దగ్గరికి తెచ్చాడు. రెండు దేశాల ఏజెన్సీలు మాట్లాడుకున్నాయి. ఈ శుక్రవారం ఫైఫా కొండ మీద వ్యూపాయింట్ దగ్గర సౌదీ ఆఫీసర్లు నయీమ్‌నీ చిప్‌నీ తమ రక్షణలోకి తీసుకోవాలి. ప్రతి శుక్రవారం నయీమ్ హైకింగ్ క్లబ్బుతో కొండలెక్కుతాడు కాబట్టి ఎవరికీ అనుమానం రాదని ప్లాను.

ముఠాకి కావలసింది రెండు. చిప్ తిరిగి రావాలి, నయీమ్ నోరు మూతపడాలి. చిప్ లేకపోతే నయీమ్ మాటకి సాక్ష్యం లేదు, ద్రోహి అని అతన్నే లోపలేస్తారు. అందుకే చిప్ ఎక్కడుందో తెలిసేదాకా వాళ్ళు అతన్ని తాకరు. తెలిసిన మరుక్షణం అతని ఆయుష్షు చెల్లిపోయినట్టే.

"అన్నా, నీ మాట మీద వస్తాండా. సుల్తానాకు ఏమీ చెప్పలే" అన్నాడు నయీమ్.

 సుల్తానా నయీమ్ భార్య. మొన్న ఊరినుంచి సెలవు ముగించుకుని వచ్చిన క్యాంపు మనిషి బాబావలి చేత ఒక సంచి నిండా అనపకాయలు పంపింది. ఆ సంచి, క్యాంపు వంటమనిషి తెమ్మన్న కూరగాయలూ కలిపి వ్యాన్ వెనకాల ఐస్ పెట్టెలో ఉన్నాయి. ఆ పిల్ల చేతికి మొగుణ్ణి ప్రాణాలతో అప్పగించకపోతే ఈ ఉద్యోగం ఎందుకు, ఈ బతుకెందుకు అనుకుంటూ కాలేషా వ్యాన్ స్టార్ట్ చేశాడు.

దారిలో ఒక్కొక్కరూ ఎక్కారు. మొదట క్లబ్బు పెద్ద మెక్‌రే. ఎర్రగడ్డం స్కాట్లాండ్ ఇంజినీరు. ఆ తర్వాత పాడుకుంటూ ఇద్దరు ఫిలిప్పీన్స్ నర్సులు. చివరగా నల్లకళ్ళద్దాలు, తెల్ల స్కార్ఫు, భుజాన కెమెరా, చంకలో అందరికీ సరిపడా ట్రెక్కింగ్ కర్రలతో ఒకామె. ఆమె వ్యాన్ మెట్టెక్కుతుంటే నర్సులు కూడా పాట ఆపి చూశారు. అంత అందం.

"ఇంటినుంచి అనపకాయలు వచ్చినాయా?" అని మెల్లగా అడిగాడు కాలేషా.

"వచ్చినాయి, వండేవాళ్ళే లేరు" అంది ఆమె తడుముకోకుండా.

కోడ్ సరిపోయింది. ఖుష్బూ, డిపార్ట్‌మెంట్‌లో మూడేళ్ళ సర్వీసు, సొంతూరు మదనపల్లె. అక్కడే పుట్టాను, అక్కడే పెరిగాను అని ఆమే చెప్పింది. మా పక్క ఊరేనంటూ కాలేషా సంబరపడ్డాడు. రూలు మర్చిపోయి ఊరి సంగతులు అడిగాడు. టమాటా మార్కెట్ గురించి, హార్స్‌లీ హిల్స్ గురించి గడగడా చెప్పింది. 'కాలేషా గారూ' అని మాటకొకసారి మర్యాద. మదనపల్లెలో ఇంత మర్యాద ఎప్పటినుంచి మొదలైందో అనుకున్నాడు గానీ, అందగత్తె మర్యాద చేస్తే వద్దంటామా!

ఫైఫా కొండ మొదట్లో వ్యాన్ ఆపి నడక మొదలుపెట్టారు. కొండంతా మెట్లు మెట్లుగా కట్టిన పొలాలు, కాఫీ చెట్లు, మధ్యమధ్యలో గుండ్రటి రాతి ఇళ్ళు. మబ్బు కాళ్ళ కిందికి వచ్చి పోతోంది. మెక్‌రే పరవశించిపోయి, అచ్చం తమ ఊరి కొండల్లాగే ఉన్నాయనీ, అక్కడైతే మంచుతోపాటు వాన కూడా ఉచితమనీ ప్రతి మలుపులోనూ చెప్పాడు. ఖుష్బూ అందరికీ కర్రలు పంచింది. నయీమ్‌కి మాత్రం ఎర్రపట్టీ ఉన్న కర్ర ఏరి ఇచ్చి, మీ ఎత్తుకి ఇదే సరిపోతుంది అంది.

కాలేషా కళ్ళు మాత్రం కొండని చూడలేదు. ఏ పుట్టలో ఏ పాముందో! మెక్‌రే మాటిమాటికీ వాచీ చూసుకుంటున్నాడు. రెండుసార్లు వెనకబడి ఫోన్లో గుసగుసలాడాడు. సిగ్నల్ దొరికిందా అని కాలేషా ఊరికే అడిగితే, గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు ఫోన్ చటుక్కున దాచేశాడు. పై మలుపులో తలకి పూలదండలు చుట్టుకుని, కాఫీగింజలూ మల్లెమాలలూ అమ్మే స్థానికులు ఇద్దరు కూర్చున్నారు. వాళ్ళ చెప్పులు కొత్తవి. కొండవాళ్ళకి మెరిసే తోలుచెప్పులెందుకు? అనుమానం పెనుభూతమంటారు, ఆ భూతం ఇప్పుడు కాలేషా భుజాల మీద కూర్చుని కాళ్ళూపుతోంది.

మధ్యాహ్నం ఒక రాతి ఇంటి అరుగు మీద డబ్బాలు విప్పారు. నయీమ్ డబ్బాలో రాగిసంగటి, అనపగింజల పులుసు. పొద్దున్నే సంచిలోంచి గుప్పెడు కాయలు ఒలిచి తనే వండుకున్నాడు. అందరికీ తలా కాస్త పెట్టాడు. ఆ చిక్కటి పులుసులో కాయ ఏదో, గింజ ఏదో కనిపించడం లేదు. ఖుష్బూ నోట్లో పెట్టుకుని, బాగుంది, ఏం కూర అని అడిగింది. అనపకాయలని చెప్పాడు నయీమ్. ఆమె కళ్ళు మూసుకుని, పాత రోజులు తలుచుకున్నట్టు నిట్టూర్చింది.

"మదనపల్లెలో మా అమ్మ కూడా ఆనపకాయ పులుసు పెట్టేది. ఇంటినిండా జనం ఉన్నా ఒక్క కాయ కోస్తే చాలు, అందరికీ సరిపోయేది."

కాలేషా చేతిలో సంగటి ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఒక్క కాయా? రాయచోటిలో, మదనపల్లెలో, ఆ చుట్టుపక్కల ఎక్కడైనా అనపకాయంటే వేలెడంత చిక్కుడులాంటి కాయ. ఒలిస్తే మూడో నాలుగో గింజలు. ఇంటిల్లిపాదికీ పులుసు పెట్టాలంటే ఆడవాళ్ళు చాటలు ముందేసుకుని పొద్దంతా ఒలవాలి. ఒక్క కాయతో ఇల్లంతా తినేది కోస్తావాళ్ళ ఆనపకాయ. అంటే తమవైపు సొరకాయ! టమాటా మార్కెట్ మ్యాపులో దొరుకుతుంది, హార్స్‌లీ హిల్స్ ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. అనపకాయ దొరకదు. ఈమె మదనపల్లె మొహం కూడా చూడలేదు. ఎక్కడో ముఠా బడిలో, ఏ కోస్తా పంతులు దగ్గరో తెలుగు నేర్చుకుంది. మూడేళ్ళుగా డిపార్ట్‌మెంట్ ఉప్పు తింటూ అవతలివాళ్ళకి పని చేస్తోంది.

అయినా ఒక్క కూర మాట పట్టుకుని తోటి ఏజెంట్‌ని దోషి అనడానికి అతనికి మనసొప్పలేదు. పరీక్ష పెట్టాలి. నీళ్ళ సీసాలు తెస్తానని వ్యూపాయింట్ కిందున్న వంపు రోడ్డుకి దిగాడు. వాళ్ళు నడిచి వస్తుంటే, కఫీల్ తమ్ముడు వ్యాన్‌ని అక్కడిదాకా తెచ్చి పెట్టి వెళ్ళాడు. ఐస్ పెట్టె తెరిచి, అందులో ఉన్న పెద్ద సొరకాయ తొడిమ దగ్గర కత్తితో చిన్న బిరడాలా కోసి మళ్ళీ మూశాడు. డ్యాష్‌బోర్డు మీది కెమెరాని వెనక్కి తిప్పాడు. దాని బొమ్మ అతని ఫోన్‌లో కనిపిస్తుంది.

వ్యూపాయింట్ చేరేసరికి మంచు ముసురుకుంది. కాలేషా ఖుష్బూని పక్కకి పిలిచాడు.

"నాకేమన్నా అయితే నీకు తెలిసుండాల. చిప్ వ్యాన్‌లో ఉండాది. ఐస్ పెట్టెలో, అనపకాయలో పెట్టినా."

అది నిజం. పచ్చి నిజం. సుల్తానా పంపిన సంచిలో ఒక కాయని విప్పి, గింజ తీసి, చిప్ పెట్టి, గుర్తుగా దారంతో ముడేసి మూసింది అతనే. ఖుష్బూ మన మనిషైతే ఆ నిజం తెలిసినా నష్టం లేదు. కాకపోతే తెలిసినా ఆమెకి లాభం లేదు.

ఖుష్బూ బుద్ధిగా తలూపింది. కాసేపాగి, కెమెరా బ్యాటరీ వ్యాన్‌లో మర్చిపోయానంటూ మంచులోకి దిగిపోయింది.

కాలేషా బండరాయి చాటున ఫోన్ తెరిచాడు. అల్లా, నాదే తప్పని తేలితే బాగుండు అని నిజంగానే మొక్కుకున్నాడు. తెరమీద ఖుష్బూ ఐస్ పెట్టె మూత ఎత్తింది. అనపకాయల సంచి చేతికి తగిలింది. అడ్డమొచ్చిందని విసుగ్గా పక్కకి నెట్టేసింది. సొరకాయని రెండు చేతులా ఎత్తి, తొడిమ దగ్గర కోత చూసి నవ్వింది. దాన్ని బ్యాగులో వేసుకుంది. తర్వాత ఫోన్ తీయలేదు, ఎవరినీ పిలవలేదు. మణికట్టు వాచీ అంచు పట్టుకుని మెల్లగా తిప్పడం మొదలుపెట్టింది.

వాచీ ఎందుకు తిప్పుతోంది?

ఎర్రపట్టీ. మీ ఎత్తుకి ఇదే సరిపోతుంది. ఆ వాచీ తిప్పేది ఆ కర్ర కోసమే. అవతల నయీమ్ ఆ కర్ర మీద రెండు చేతులూ ఆనించి, లోయలోకి చూస్తూ తీరిగ్గా నిలబడి ఉన్నాడు.

కాలేషా పరుగెత్తాడు. కేకేస్తే నయీమ్ భయపడి పిడిని ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. అందుకే నోరు మెదపకుండా వెళ్ళి, కర్రని కాలితో ఎగరదన్నాడు. కర్ర నయీమ్ చేతులు వదిలి గాల్లోకి లేచింది. అక్కడే టక్కుమంది. పిడిలోంచి అంగుళం పొడుగు సూది బయటికొచ్చి, కొసన ఒక పచ్చటి చుక్క మెరిసింది. కర్ర రాయికి తగిలి లోయలో పడిపోయింది.

నయీమ్ తన అరచేతులు తిప్పితిప్పి చూసుకున్నాడు. గీత కూడా పడలేదు. కాలేషా అతన్ని పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. 

కింద రోడ్డు మీద టైర్లు కీచుమన్నాయి. ఖుష్బూ కోసం ముఠా కారు వచ్చింది, ఆమె ఎక్కింది, కానీ మలుపు దాటలేదు. మెరిసే తోలుచెప్పులవాళ్ళిద్దరూ పూలదండలు తీయకుండానే తుపాకులు తీశారు. వాళ్ళే సౌదీ ఆఫీసర్లు, పొద్దుటినుంచి నయీమ్ చుట్టూ ఉన్నవాళ్ళందరి మీదా కన్నేసి ఉన్నారు. కారులో ముఠా మొత్తం దొరికింది. ఖుష్బూ ఒళ్ళో సొరకాయ దొరికింది. ఆఫీసరు దాన్ని అక్కడే రెండుగా కోస్తే తెల్లటి గింజలు తప్ప ఏమీ లేవట. అప్పుడు మాత్రం ఆమె మొహంలో అందం తగ్గిందని చూసినవాళ్ళు చెప్పారు.

ఇక మిగిలింది మెక్‌రే. కాలేషా తిన్నగా వెళ్ళి ఆ ఫోన్ సంగతి అడిగేశాడు. ఆయన చెవులదాకా ఎర్రబడి, పెళ్ళాం డైటింగ్ పెట్టిందనీ, కొండ కింద హోటల్లో ఆమెకి తెలియకుండా మటన్ మందీ ఆర్డరిస్తున్నాననీ చెప్పాడు.

నయీమ్ ఆఫీసర్ల బండి ఎక్కేముందు సంచిలో చెయ్యి పెట్టి, దారపు ముడి ఉన్న కాయని వెతికి వాళ్ళ చేతిలో పెట్టాడు. మిగతా కాయలు కాలేషా ఒళ్ళో పోసి, సుల్తానాకు ఇప్పుడు ఫోన్ చేసి చెప్పొచ్చునా అన్నా అని అడిగాడు. చెప్పుకో నాయనా, అంతా చెప్పుకో అన్నాడు కాలేషా.

బండి మంచులో కలిసిపోయాక అతను రియాద్‌కి ఫోన్ కలిపి, మిషన్ సక్సెస్ అని రిపోర్ట్ చేశాడు. చిప్ అనపకాయలో భద్రంగా ఉందని చెప్పాడు. ఎప్పుడూ తొణకని చీఫ్ మొదటిసారి ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఆ సంతోషంలో వార్తల తెలుగు ఎగిరిపోయింది.

"శభాష్ కాలేషా! గని ఆ ఆనపకాయ పైలంగ కొయ్యమని చెప్పు. గంత పెద్ద కాయల గోరంత చిప్పు యాడ దొరుకుతదే?"

కాలేషా ఫోన్‌ని చెవి దగ్గరనుంచి తీసి, ఒకసారి దాని వంక చూసి, మళ్ళీ చెవికి పెట్టుకున్నాడు.

"సార్... రూలు తెలుసు గానీ, మీది ఏ ఊరు?"

"సిద్దిపేట. ఏమాయె?"

"ఏం లేదు సార్" అన్నాడు కాలేషా. ఫోన్ పెట్టేసి ఒక అనపకాయ ఒలిచి గింజ నోట్లో వేసుకున్నాడు. సొరకాయని సిద్దిపేటలో కూడా ఆనపకాయే అంటారా? చీఫ్ ఫైల్లో సిద్దిపేట అనే ఉందో లేదో రేపొకసారి చూడాలి అనుకున్నాడు.