తిరుగుచుట్టు

ఓదెలు గనిలో తొమ్మిదో మెట్టుకు, అంటే తొమ్మిదో అంతస్తుకు, పోయే లైను పెట్టె తెరిచి గ్లౌజులు తొడుక్కున్నాడు. లోపల వెంట్రుకంత గాజుతీగ చక్రంలా చుట్టి ఉంది. పాత బొగ్గుగని అడుగున బతికేవాళ్ల మాటల్ని మోసుకొచ్చే వెలుగు, ఈ తిరుగుచుట్టు మొదట్లో రెండు పాయలై, ఎదురెదురుగా తిరిగి, మళ్లీ కలుస్తుంది. చుట్టు సరిగ్గా సర్ది ఉంటే అద్దానికి తగిలినట్టు వచ్చిన దారినే వెనక్కి పోతుంది. కాస్త మెలిపడితే అవతలి పంపుహౌసుకు దాటుతుంది. దాటకుండా చూడటమే ఓదెలు ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా అద్దానికి కాపలా.

ఫిర్యాదులు ఎక్కువయ్యాయని తొమ్మిదో మెట్టు లైనును కూడా మూడేళ్ల కింద తిరుగుడులో పెట్టారు. అప్పటినుంచి అక్కడ ఎవరేం చెప్పినా వాళ్ల చెవికే తిరిగొస్తుంది.

ఎంత సర్దినా వెయ్యింట ఒక పాలు జారుతుంది. పంపుహౌసుకు అది వినబడదు. కొలిచేవాడికి వినబడుతుంది. ఓదెలు ఆ జారుడు వినే బిళ్లను చెవిలో పెట్టుకున్నాడు. తొమ్మిదో మెట్టులో బతికే కొమురమ్మ గొంతు, రోజూ ఈ వేళకు వచ్చేదే, వచ్చింది.

"ఓ అద్దపాయనా, తిన్నవా? మేమైతే నీళ్లల్ల నిలవడే తిన్నం. నిన్న మోకాళ్ల కాడున్నయి, ఇయ్యాల నడుముకొచ్చినయి. పోరగాండ్లను బల్లలెక్కిచ్చినం. పంపు ఎయ్యుమని జెప్పరాదూ. నీకు ఇనవడ్తదని నాకెర్కే."

గోడ స్పీకరులో షిఫ్టు ఇన్‌చార్జి సదానందం ఆవలించాడు. "ఓదెలూ, తొమ్మిదిల జారుడు మూడున్నది. ఒకటికి దింపు."

"నీళ్లు నడుముకొచ్చినయట సార్."

"పోయినేడు గూడ గట్లనే అన్నరు."

"పోయినేడు గూడ వచ్చినయి. ఇద్దరు పోయిండ్రు."

"నీళ్లు మన డిపార్ట్‌మెంటా? నీ పింఛనుకు ఎన్ని నెలలున్నయి?"

"ఏడు."

"మరింకేంది? సర్దేసి రా, చాయ తాగుదాం."

ఓదెలు గ్లౌజులు తీసేశాడు. అవి ఉంటే తీగ ఎంత మెలికకు తెగుతుందో చేతికి తెలియదు. రెండు వేళ్లతో పట్టుకుని, రోజూ సర్దే వైపుకు ఎదురుగా తిప్పాడు.

"ఏం జేసినవ్ రా? మొత్తం దాటుతున్నది! వదులు!"

"వదిలితే మళ్ల అద్దమైతది సార్."

చెవి బిళ్లలో కొత్త గొంతు పలికింది. "హలో, పంపుహౌసు. ఏ మెట్టు?"

అటువాడు మళ్లీ పిలిచాడు.

"హలో? ఎవలన్న ఉన్నరా?"

కొమురమ్మ నోరు తెరవకపోతే అటువాడు పెట్టేస్తాడు. ఓదెలు వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. "మాట్లాడక్కా," అన్నాడు, ఆమెకు వినబడదని తెలిసీ.

మూడేళ్లుగా తన మాటే తిరిగి వింటున్న కొమురమ్మ నుంచి భయంభయంగా వచ్చింది మాట.

"ఇది నా గొంతు గాదు."

"ఎవలమ్మా నువ్వు?"

"తొమ్మిదో మెట్టు బిడ్డా... నీళ్లు నడుము దాటినయి..."

బయట వరండాలో సదానందం పంపినవాళ్ల బూట్లు పరుగెత్తుకొస్తున్నాయి. ఓదెలు తీగ వదలకుండానే గది తలుపుకు వీపు ఆనించి, తిమ్మిరెక్కిన చేతికి రెండో చేతిని ఆసరా ఇచ్చాడు.